చావు సీను కోసిన మ్యాటినీ

గోదావరిఖనిలో ఒక సినిమా హాల్లో నేను చాలా ఏళ్లు ఆపరేటర్‌గా పనిచేశాను. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. సినిమా అప్పటికింకా రేకు డబ్బాల్లో రీళ్లుగా వచ్చేది. రామగుండం స్టేషన్లో దింపితే ఆటోలో వేసుకొని హాలుకు తెచ్చుకునేవాళ్లం. మా దగ్గర గనిని బాయి అంటారు. పొద్దుటి షిఫ్టు చేసి బాయిలోంచి పైకొచ్చినవాళ్లు స్నానం చేసి, తలకు నూనె రాసుకొని ఫస్ట్ షోకు వచ్చేవాళ్లు. ఎంత కడిగినా కళ్ల అంచుల్లో బొగ్గు కాటుకలా మిగిలే ఉండేది. వాళ్లకు నవ్వు కావాలి. అందులో తప్పేమీ లేదు. నాకు రోత పుట్టింది నవ్వు పేరు చెప్పి వాళ్లకు పంపించిన సరుకు చూసి.

"నవ్విస్తూనే కంటతడి పెట్టించే చిత్రం" అని పోస్టరు మీద రాసుకున్న సినిమా వచ్చిందంటే అందులో ఒక చావు సీను, అంటే ఎవరో చావాలని చూసే సీను, ఉన్నట్టే. ఇంటర్వెల్‌కు ముందైతే అది కామెడీ, తర్వాతైతే కన్నీళ్లు. కామెడీలో చావబోయేవాడు హీరో స్నేహితుడు. వాడికి పొట్ట ఉంటుంది, పెళ్లి కాదు, వాణ్ని ఎవరూ ప్రేమించరు. కన్నీళ్లలో చావబోయేది హీరోయిన్ తండ్రి. హీరో సరిగ్గా సమయానికి తలుపు తన్ని లోపలికొస్తాడు, నాలుగు ముక్కలు మాట్లాడతాడు, వయొలిన్లు మోగుతాయి, అందరూ కావలించుకుంటారు. వెంటనే పాట. ఆ పాటలో తండ్రి కూడా గంతులేస్తాడు. చావు దాకా పోయి రావడానికీ సంతకు పోయి రావడానికీ ఆ రాసినవాడికి తేడా తెలియదు. సంతకు పోయినవాడైనా సంచి మోసుకొస్తాడు, ఇంటికొచ్చి కాసేపు గోడకు చేరగిలపడతాడు. వీళ్ల సినిమాలో ఆ మాత్రం అలసట కూడా ఉండదు.

ఇవన్నీ నాకు చాలాకాలం వట్టి చెత్తగానే కనిపించాయి. మా అన్న సంగతి జరిగాక అవి చెత్తకన్నా హీనమని తెలిసింది.

మా అన్న నాకన్నా చాలా పెద్ద. బాయిలో టింబర్‌మ్యాన్. బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. పెద్ద గొంతు మనిషి. డ్యూటీ నుంచి వస్తుంటే ముందు గొంతు వచ్చేది, తర్వాత సైకిలు వచ్చేది. "మీ అన్న బాయిల దిగినా నాకు ఇంట్ల ఇనపడ్తడు" అని మా వదిన నవ్వేది.

ఒక ఎండాకాలం ఆ గొంతు తగ్గడం మొదలైంది. మొదట తన చిన్న కూతురితో ఆడటం మానేశాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. డ్యూటీకి బయలుదేరి, చెప్పులు వేసుకొని, గడప మీదే కూర్చుండిపోయేవాడు. రామగుండం ఎండకు అందరమూ అలాగే వాడిపోతాం కదా అనుకున్నాం. వానలు పడ్డాయి, అందరం లేచాం, అన్న లేవలేదు.

తర్వాత ఒకరోజు ఆ పని చేశాడు. ఏం చేశాడో ఇక్కడ రాయను. సినిమావాళ్లు మాత్రం తప్పకుండా చూపిస్తారు, వంట నేర్పినంత వివరంగా చూపిస్తారు. వదిన తలుపు కొట్టి అరిచిన అరుపుకు పక్క క్వార్టర్లో ఉండే, మేమంతా చాచా అని పిలిచే పెద్దాయన పరుగెత్తుకొచ్చి తలుపు విరగ్గొట్టాడు. చాచా మోటారు మెకానిక్, రెక్కబలం ఉన్న మనిషి. అన్నను తన ఆటోలోనే వేసుకొని దవాఖానకు తీసుకుపోయాడు. అన్న బతికాడు.

సినిమాలో అయితే బతికినవాడు కళ్లు తెరుస్తాడు, చుట్టూ ఉన్నవాళ్లను చూసి చిరునవ్వు నవ్వుతాడు, ఎవడో ఒక జోకు వేస్తాడు. మా అన్న కళ్లు తెరిచి, మమ్మల్ని చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నేను "అన్నా" అని పిలిస్తే కళ్లు మళ్లీ మూసుకున్నాడు. వదిన అతని పాదం పట్టుకొని కూర్చుంది. పాదం మీద చెయ్యి తీస్తే మనిషి పోతాడన్నట్టు కూర్చుంది.

చూడటానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, ఏం కష్టమొచ్చింది? తాగుడన్నారు, భార్యతో పడటం లేదన్నారు, ఎవరో ఏదో చేశారన్నారు. మా అన్న తాగడు. వదినతో గొడవలూ లేవు. కరీంనగర్‌లో మేం చూపించిన మనసు డాక్టరు మాత్రం ఒక్క కారణం చెప్పలేదు. "ఇది జబ్బు. నయమవుతుంది, కానీ నెమ్మదిగా. గోలీలు పని మొదలుపెట్టడానికే వారాలు పడుతుంది. ఒంటరిగా వదలకండి. ఆయన మాట్లాడితే వినండి. ఉపన్యాసాలు మాత్రం ఇవ్వకండి" అన్నాడు.

ఆ ఆఖరి మాట ఎందుకన్నాడో ఇంటికొచ్చిన మర్నాడే తెలిసింది. కమాన్‌పూర్ నుంచి మా మేనమామ వచ్చాడు. మంచివాడే, అన్న అంటే ప్రాణం. కానీ మంచం పక్కన నిలబడి, చెయ్యి ఊపుకుంటూ, గొంతు మార్చి మొదలుపెట్టాడు. "మొగోనివి కాదురా నువ్వు? సచ్చుడు పిరికోని పని. బతికి సాధించాలె!" నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాటలు మామవి కావు. మామ మామూలుగా మాట్లాడితే "తిన్నవారా?" అనే అంటాడు. ఇవి హీరో మాటలు. నా మిషన్లోంచి రోజుకు నాలుగు ఆటలు పోసిన మాటలే తిరిగి మా ఇంటికొచ్చాయి. జబ్బు మనిషిని ఎలా పలకరించాలో కూడా మా జనానికి వాళ్లే నేర్పారు, అదీ తప్పుగా నేర్పారు.

అన్న మళ్లీ గోడవైపు తిరిగాడు. వదిన లేచి, "మామా, జెర బయటికొచ్చి చాయ్ తాగు" అని ఆయన్ను చెయ్యి పట్టి బయటికి నడిపించింది.

అన్నను లేపింది మాటలు కాదు. వదిన స్నానాలగది లోపలి గొళ్లెం ఊడదీసింది. అన్న లోపలుంటే బయట పీట వేసుకొని బియ్యం ఏరుతూ ఏదో ఒకటి మాట్లాడేది, అతను "ఊ" అనేదాకా. గోలీలు తన కొంగున కట్టుకొని పూటపూటకూ తానే ఇచ్చేది. చాచా సాయంత్రం రాగానే పాత పేపరు పరిచి, దాని మీద ఏ బండిదో కార్బ్యురేటర్ విప్పుకొని కూర్చునేవాడు. "భాయ్, జెర గీ స్క్రూ పట్టు" అని అన్న చేతిలో పెట్టేవాడు. అంతే. దుఃఖం గురించి, జీవితం గురించి ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. మొదట్లో అన్న ఆ స్క్రూను చేతిలో పెట్టుకొని ఊరికే కూర్చునేవాడు. కొన్ని నెలలకు, "చాచా, ఇది గీడిది కాదు, పక్కదానిది" అన్నాడు. వంటింట్లో ఉన్న వదిన చేతిలో గరిటెతోనే గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఆ ఒక్క మాటకు ఎన్ని నెలలు పట్టిందో ఏ సినిమావాడూ చూపించడు. అందులో ఫైటు లేదు, పాట లేదు, పేపరు మీద మరకలున్నాయి.

అలా అన్న కాస్త కుదుటపడుతున్న రోజుల్లో మా హాలుకు కొత్త సినిమా వచ్చింది. నవ్వుల సినిమా. విపరీతంగా ఆడింది. ఆడటానికి కారణం ఇంటర్వెల్‌కు ముందున్న పెద్ద సీను. ప్రేమ విఫలమైన హీరో స్నేహితుడు చావాలనుకుంటాడు. ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తాడు, ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డమొస్తుంది. బోర్లా పడతాడు, బురదలో కూరుకుపోతాడు, గేదె తంతుంది. చివరికి హీరో వచ్చి చెంప మీద కొట్టి బుద్ధి చెబుతాడు. వాడు చెంప తడుముకుంటూ బిర్యానీ అడుగుతాడు. హాలు విరగబడి నవ్వేది.

ఇంకొకటి కూడా ఉంది. ఆ సినిమాలో అందరూ ఒక తెలుగు మాట్లాడతారు. చావబోయేవాడొక్కడే మా తెలుగు మాట్లాడతాడు. మా తెలుగు కూడా కాదు, మా ఊరెన్నడూ చూడనివాడు మా మాట అనుకొని రాసిన వెక్కిరింత. ప్రతి మాటకూ ముందొక "గ", చివరొక "బై". చెంపదెబ్బ కొట్టి బుద్ధి చెప్పే హీరోది మాత్రం స్వచ్ఛమైన తెలుగు. చావబోయేవాడు మేము, బతుకు నేర్పేవాడు వాళ్లు. ఆ సంగతి మావాళ్లకు తట్టలేదో, తట్టినా నవ్వుకున్నారో నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం అన్నం పెడుతూ వదిన నాతో, "తమ్మీ, మీ అన్న సినిమాకు పోదామంటున్నడు" అంది.

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. "గీ సినిమా వద్దు వదినా. వచ్చే వారం వేరేది వస్తది."

"ఇన్ని నెలల సంది ఆయన నోరు తెరిచి ఏదన్న అడిగిండా? ఇప్పుడు అడిగితే వద్దని ఎట్లంట? నువ్వే చెప్పు."

ఆ సీను సంగతి వదినకు చెప్పి ఆమెనూ భయపెట్టలేకపోయాను. మర్నాడు మ్యాటినీకి ముందు ఆపరేటర్ గదిలో తలుపేసుకొని, ఆ రీలు తిప్పి, సీను మొదలయ్యే చోట కత్తిరించాను. చెంపదెబ్బ దాకా తీసేసి మిగతాది అతికించాను. తీసిన ముక్కను చుట్ట చుట్టి బల్ల కింద పెట్టాను. రీళ్లు తెగితే అతికించడం మాకు రోజూ పనే. కావాలని కోయడం అదే మొదటిసారి. చాలా హాయిగా అనిపించింది.

మ్యాటినీకి అన్న, వదిన, చాచా వచ్చారు. గోడకున్న చిన్న కంతలోంచి నేను వాళ్లనే చూస్తున్నాను. ఆ చోటు వచ్చింది. స్నేహితుడు ప్రేమలేఖ చించేశాడు. వెంటనే తర్వాతి సీనులో హోటల్లో బిర్యానీ తింటున్నాడు. హాలు ఒక్కక్షణం నివ్వెరపోయింది. తర్వాత మొదలైంది. ఈలలు, కేకలు, కుర్చీల మీద గుద్దులు. ఆ సీను కోసమే రెండోసారి మూడోసారి వచ్చినవాళ్లున్నారు మరి. "ఆపరేటర్! సీను యాడవెట్టినవ్ రా?" అని నేల టికెట్ల నుంచి అరుపు.

హాలు ఓనరు మెట్లెక్కి పైకొచ్చాడు. వెనకాలే డిస్ట్రిబ్యూటర్ పంపిన మనిషి. కలెక్షన్ చూసుకోవడానికి ఆంధ్ర నుంచి వచ్చి లాడ్జిలో ఉన్నాడు.

"ఏమైందిరా? రీలు తెగిందా?" అన్నాడు ఓనరు.

"తెగలే సేటూ. నేనే కోసిన."

"దిమాక్ ఖరాబైందా నీకు? ఎందుకు కోసినవ్?"

"మా అన్న వచ్చిండు."

ఓనరుకు మా ఇంటి సంగతి తెలుసు. దవాఖానకు వచ్చి చూసిపోయాడు కూడా. నా భుజం తట్టాడు. డిస్ట్రిబ్యూటర్ మనిషి మాత్రం ఆగలేదు. "ఏంటండీ ఇది, ఆ సీను మీదే కదా సినిమా నడుస్తోంది! ఎవరింట్లోనో ఏదో అయిందని కామెడీ కోసేస్తారా? అది సరదా అండీ. సరదాని సరదాగా తీసుకోవాలి."

"మీ ఇంట్ల ఎవరన్న గట్ల చేసిన్రా సార్?" అని అడిగాను.

"ఛ ఛ, అవేం మాటలండీ!" అని అతను చెవులు మూసుకున్నంత పని చేశాడు. తన ఇంటి పేరెత్తితే అపశకునం, మా ఇంటిదైతే సరదా. ఆ మనిషి మీద నాకు కోపం కూడా రాలేదు. చెప్పుకు అంటిన పేడను చూసినట్టు చూసి ఊరుకున్నాను.

ఓనరు నెమ్మదిగా, "ఫస్ట్ షోకు అతికించు. జనం కుర్చీలు ఇరగ్గొడ్తరు" అని దిగిపోయాడు.

ఇంటర్వెల్‌లో అన్న, చాచా నా గదికొచ్చారు. వదిన కింద మరమరాలు కొంటోంది. అన్న గది అంతా ఒకసారి చూసి, "కోసినవ్ గదా?" అన్నాడు.

బల్ల కిందున్న చుట్టను కాలితో లోపలికి నెట్టాను.

"బాయి కాడ చాయ్ హోటల్ల అందరు గా సీనే చేసి చూపెట్టుకుంట నవ్వుతున్నరంట. మొన్న బాయిల నాతోని చేసే పార్ట్‌నర్ ఇంటికొచ్చి నాకే చెప్పబోయి, నడుమల యాదికొచ్చి నాలుక కర్సుకున్నడు. అందుకే చూద్దామని వచ్చిన. నా ముంగట ఎవ్వలు ఏది మాట్లాడాలన్నా భయపడ్తున్నరు. నువ్వు సుత గట్లనే చేస్తివి. గా సీను నాకు చూపెట్టు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అతను అడిగినట్టే చేశాను. వదినకు చాచా ఏదో చెప్పి ఇంటికి పంపించాడు. ఫస్ట్ షోకు సీను అతికించి, అన్నను నా స్టూలు మీద కంత ముందు కూర్చోబెట్టాను. పక్కన చాచా నిలబడ్డాడు. నేను తెర చూడలేదు, అన్న మొహమే చూశాను. హాలు పగలబడి నవ్వుతోంది. అన్న నవ్వలేదు, ఏడవలేదు. పక్కవాడు నిలబెట్టిన దుంగ సరిగ్గా ఉందో లేదో చూసే టింబర్‌మ్యాన్‌లా కళ్లు చిన్నవి చేసి చూశాడు.

అయిపోయాక, "వానికి ఇంట్ల ఎవ్వలు లేరా?" అన్నాడు.

"ఎవలికి?"

"గా బొజ్జోనికి. అవ్వ లేదు, అక్క లేదు. అంత అయినంక ఎవ్వలు రాలే. తెల్లారి వాడు ఎట్ల లేచిండు? మొఖం ఎట్ల కడుక్కున్నడు? ఎవ్వల దిక్కు ఎట్ల చూసిండు? గదేం లేదు. చెంప మీద ఒక్కటి తిన్నడు, బిర్యానీ తిన్నడు."

చాచా, "ఫాల్తూ పిక్చర్ భాయ్" అని తేల్చేశాడు.

అన్న లేచి చొక్కా సర్దుకుంటూ, "గా హీరో లెక్క ఒక్క దెబ్బకు లేపేటోడు ఉంటే నాకు గిన్ని గోలీలెందుకు? వాన్నే బాయి దవాఖానల పెట్టుకుంటే అయిపోవు" అన్నాడు. ముగ్గురం నవ్వాం. అన్న గొంతులోంచి నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో. ఈ విషయం మీద నవ్వకూడదని నేనెప్పుడూ అనను. లోపలికి వెళ్లి వచ్చినవాడు వేసిన జోకు అది. గట్టున నిలబడి మునిగేవాణ్ని వెక్కిరించేవాడి జోకుకూ దానికీ పోలికేమిటి?

అన్న తర్వాత డ్యూటీలో చేరాడు. పైన, ల్యాంప్ రూంలో పని ఇచ్చారు. కిందికి దిగేవాళ్లకు లైట్లు అందించి, తిరిగొచ్చాక తీసుకునే పని. మధ్యలో రెండుసార్లు మళ్లీ జబ్బు తిరగబెట్టింది. అప్పుడు ఎవరమూ దాచుకోలేదు, కరీంనగర్ బస్సెక్కాం. గొంతు మాత్రం పూర్తిగా పాత గొంతు కాలేదు. వదిన అందుకు బాధపడేది కాదు. "గింత గొంతే మంచిగుంది, చెవులకు సుకం" అనేది.

కొన్నేళ్లకు తెలంగాణ ఉద్యమం ఊరూరా లేచింది. పేపరు తెరిస్తే ఉద్యమం కోసం తమ ప్రాణాలు తామే తీసుకున్న యువకుల వార్తలు. మా బస్తీల్లో ప్రతి తల్లీ కొడుకు ఇంటికొచ్చేదాకా గుమ్మంలో నిలబడే కాలం అది. అటువంటి రోజుల్లో కూడా హైదరాబాదులో కూర్చున్న సినిమావాళ్లు మారలేదు. మా హాలుకు మళ్లీ ఒక నవ్వుల సినిమా వచ్చింది. మళ్లీ పొట్ట ఉన్న స్నేహితుడు, మళ్లీ మా యాస, మళ్లీ అదే సీను. ఇంతమంది చచ్చిపోతుంటే కొత్త జోకు కూడా ఆలోచించని బద్ధకం అది. పాపం అనుకోవడానికి కూడా తగని బద్ధకం.

ఈసారి నేను కోయడానికి రీలు లేదు. అప్పటికి సినిమాలు డబ్బాల్లో రావడం పోయింది. హాలు కప్పు మీద డిష్షు పెట్టారు, ఆకాశం నుంచి నేరుగా మిషన్లోకి దిగేది. నా పని బటన్ నొక్కడం.

మొదటి రోజు ఫస్ట్ షో. హాలు నిండుగా ఉంది. సీను మొదలైంది. వాడు మా యాసలో "నేను సస్తనే" అని కేక పెట్టాడు. నవ్వు కోసం సినిమావాళ్లు అక్కడ కాసింత ఖాళీ ఉంచారు. ఆ ఖాళీలో ఎవరూ నవ్వలేదు. తెర మీద వాడు పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. హాలు బాయి అడుగులా నిశ్శబ్దంగా ఉంది. ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. ముందు వరసల్లోంచి ఒక గొంతు లేచింది. "బంద్ చెయ్యిరా దాన్ని!" ఇంకొకరు లేచి నడవడం మొదలుపెట్టారు. వెనకాల ఒక కుటుంబం లేచింది. కొట్లాట లేదు, కుర్చీలు విరగలేదు. చాలామంది ఊరికే లేచి బయటికి పోయారు.

నేను కిందికి దిగి గేటు దగ్గర నిలబడ్డాను. షిఫ్టు నుంచి నేరుగా వచ్చినట్టున్న ఒక పెద్దమనిషి సైకిలు తాళం తీస్తూ నన్ను గుర్తుపట్టాడు.

"నువ్వే గదా ఆపరేటర్‌వు? గసొంటి సీన్లు ఎందుకు ఏస్తరు?"

"మా చేతుల లేదు కాకా. పైనుంచి వస్తది" అని డిష్షు చూపించాను.

ఆయన తలెత్తి దానివైపు కాసేపు చూశాడు. నోట్లో ఉన్న తంబాకును గురి చూసి ఆ డిష్షు దిక్కుగానే ఉమ్మాడు. అంత ఎత్తుకు అందలేదు, గోడ మీద పడింది. తువ్వాలతో మూతి తుడుచుకొని, సైకిలెక్కి వెళ్లిపోయాడు.